తాడు ఎక్కడ పట్టుకుంది?



చిన్నప్పుడు చింతకొమ్మకో వేపకొమ్మకో తాడు కట్టి ఉయ్యాల ఊగనివాళ్లు మనలో తక్కువ. ఆ ఉయ్యాలను ఒకసారి గుర్తు చేసుకోండి. ఉత్త తాడు మీద కూర్చుంటే కాసేపటికే తొడలు ఒరుసుకుపోయేవి. అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒక పీటో, మడతపెట్టిన గోనెసంచో తెచ్చి తాడుకీ మనకీ మధ్య వేసేవారు. ఇక పొద్దుగూకేదాకా ఊగినా నొప్పి ఉండేది కాదు. అదే కొమ్మ, అదే తాడు. తాడు మనల్ని పట్టుకున్న తీరు ఒక్కటే మారింది.

ఈ చిన్న సంగతి నిట్టనిలువు కొండగోడలు ఎక్కేవాళ్ల చేతికి ఒక వస్తువుగా అందడానికి దాదాపు వందేళ్లు పట్టింది. ఆ వస్తువును హార్నెస్ అంటారు. నడుముకు ఒక వెడల్పాటి పట్టీ, తొడలకు రెండు పట్టీలు, వాటిని ముందువైపు కలుపుతూ గట్టిగా కుట్టిన ఒక లూప్. చూడ్డానికి ఇంతే. కానీ ఆ పట్టీలు ఆ చోటికి చేరేలోపు ఎన్నో ప్రాణాలు పోయాయి. ఈ పూట ఆ కథ మీతో చెప్పుకోవాలని వచ్చాను.

కథ యూరప్‌లోని ఆల్ప్స్ పర్వతాల్లో మొదలవుతుంది. 19వ శతాబ్దం నడిమి రోజుల్లో అక్కడి శిఖరాలు ఎక్కేవాళ్ల దగ్గర పనిముట్లు తక్కువ. మేకులు దిగ్గొట్టిన బూట్లు, మంచును తవ్వే గొడ్డలి, నారతో పేనిన తాడు. ఆ తాడును ఒక్కొక్కరూ నడుముకు చుట్టి ముడి వేసుకుని, ఒకరి వెనక ఒకరు నడిచేవారు. ఒకరు జారితే మిగతావాళ్లు కాళ్లు ఊని నిలబెట్టాలని ఆశ.

తాడు గట్టిదా కాదా అన్న చింత అప్పటికే ఉంది. 1864లో లండన్‌లోని ఆల్పైన్ క్లబ్ రకరకాల తాళ్లను పరీక్ష చేయించి, మనీలా నారతో పేనిన ఒక రకం మంచిదని తేల్చింది. అది అసలు సరుకే అని కొనేవాళ్లు గుర్తుపట్టడానికి పేటల మధ్య ఒక ఎర్రదారం కలిపి పేనేవారు.

ఆ మరుసటి ఏడే, 1865 జూలై 14న, స్విట్జర్లాండ్, ఇటలీ సరిహద్దులోని మాటర్‌హార్న్ శిఖరం మీద తొలిసారిగా మనుషులు కాలుపెట్టారు. ఇంగ్లిష్ అధిరోహకుడు ఎడ్వర్డ్ వింపర్‌తో కలిపి ఏడుగురు. దిగేటప్పుడు అందరిలోకీ అనుభవం తక్కువైన హాడో కాలు జారి, ముందున్న గైడ్ మిషెల్ క్రో మీద పడ్డాడు. ఆ ఊపుకు హడ్సన్, డగ్లస్ కూడా లాగబడ్డారు. డగ్లస్‌కూ, వెనకున్న గైడ్ పెద్ద టౌగ్‌వాల్డర్‌కూ మధ్య తాడు పుటుక్కున తెగింది. నలుగురు పోయారు, ముగ్గురు మిగిలారు. జట్టు దగ్గరున్న మూడు రకాల తాళ్లలో తెగినది అన్నిటికంటే బలహీనమైనదని తర్వాత తేలింది. దాని ముక్క ఈనాటికీ జెర్మాట్ ఊళ్లోని మ్యూజియంలో ఉంది.

విచారణ జరిగింది. పత్రికలు ఏళ్ల తరబడి రాశాయి. తాడు ఎందుకు తెగింది? ఎవరైనా కోశారా? అన్ని ప్రశ్నలూ తాడు గురించే. తాడు తెగకుండా ఆగి ఉంటే, నడుముకు ముడివేసిన ఆ తాడుకు వేలాడిన మనిషి గతేమిటి? ఆ ప్రశ్న మాత్రం ఇంకా చాలాకాలం మరుగునే ఉండిపోయింది.

శ్రోతలారా, ఇప్పుడు మీరు కూర్చున్న చోటే ఒక చిన్న పని చేయండి. రెండువైపుల పక్కటెముకలూ వచ్చి కలిసే చోట, పొట్టకు కాస్త పైన, అరచెయ్యి ఆనించండి. ఊపిరి పీల్చండి. చేతి కింద ఒళ్లు ముందుకు పొంగుతుంది. వదలండి, లోపలికి పోతుంది. అక్కడ లోపల డయాఫ్రమ్ అనే కండరం ఉంది. అది కిందికి దిగితేనే మన ఊపిరితిత్తుల్లోకి గాలి వస్తుంది. నడుముకు కట్టిన తాడుకు మనిషి పూర్తిగా వేలాడితే, ఆ తాడు నడుము దగ్గర ఆగదు. పైకి జారి, పక్కటెముకల కిందికి, సరిగ్గా మీరు చెయ్యి పెట్టిన చోటికి వచ్చి బిగుసుకుంటుంది. మనిషి బరువంతా ఆ సన్నని తాడు మీద. ఊపిరి లోపలికి పోదు. తనంతట తాను పైకి లేవలేకపోతే కొన్ని నిమిషాల్లోనే స్పృహ తప్పుతుంది. తాడు తెగకపోయినా ప్రాణం పోతుంది.

దీనికి లోకమంతా చూస్తుండగా సాక్ష్యం దొరికింది 1936 జూలైలో, స్విట్జర్లాండ్‌లోని ఐగర్ పర్వతం ఉత్తరపు గోడ మీద. అప్పటికి ఆ గోడను ఎవరూ ఎక్కలేదు. జర్మనీ నుంచి టోనీ కుర్జ్, హింటర్‌స్టాయిసర్ అనే ఇద్దరు యువకులు, ఆస్ట్రియా నుంచి ఆంగరర్, రైనర్ అనే మరో ఇద్దరు కలిసి బయల్దేరారు. దారిలో రాళ్లు పడి ఆంగరర్ గాయపడ్డాడు. వెనక్కి తిరిగారు. కానీ ఎక్కేటప్పుడు నున్నటి బండ మీదుగా అడ్డంగా దాటడానికి వాడిన తాడును లాగేసుకున్నారు. తాడు లేకుండా ఆ చోటు మళ్లీ దాటడం వాళ్ల వల్ల కాలేదు. నేరుగా కిందికి దిగడమే దారి అయింది.

దిగుతుండగా పైనుంచి మంచు, రాళ్లు విరుచుకుపడ్డాయి. ఆ క్షణాన తాడుకు కట్టుకోని హింటర్‌స్టాయిసర్ లోయలోకి పోయాడు. ఆంగరర్ గోడకు కొట్టుకుని చనిపోయాడు. రైనర్ మిగతావాళ్లను పట్టి నిలిపే చోట ఉన్నాడు. అతని తాడు తెగలేదు. ఆ తాడే బిగుసుకుని, డయాఫ్రమ్‌ను నొక్కేసి, ఊపిరాడక అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. టోనీ కుర్జ్ ఒక్కడు గాలిలో వేలాడుతూ మిగిలాడు.

ఆ పర్వతం లోపలినుంచి రైలు సొరంగం పోతుంది. దాని కిటికీలోంచి గోడ మీదికి వచ్చిన గైడ్లకు కుర్జ్ కేక వినిపించింది. చీకటి పడిపోయింది. అతను రాత్రంతా అలాగే ఉన్నాడు. ఒక చెయ్యి గడ్డకట్టుకుపోయింది. తెల్లారాక, మిగిలిన ఒక్క చేత్తో చనిపోయిన స్నేహితుడి దేహం వేలాడుతున్న తాడును కోసి, ఆ తాడు పేటలను ఒక్కొక్కటిగా విప్పి, ఒకదానికొకటి ముడివేసి కిందికి వదిలాడు. గంటల తరబడి సాగిందా పని. గైడ్లు దానికి గట్టి తాడు కట్టి పంపారు. ఒకటి సరిపోక రెండు తాళ్లు కలిపి ముడివేశారు. అతను దిగుతూ దిగుతూ గైడ్లకు కొద్ది మీటర్ల పైకి వచ్చాడు. అక్కడ ఆ ముడి అతని కారబైనర్‌లో, అంటే తాడు దూరే ఇనుప కొక్కెంలో, ఇరుక్కుపోయింది. ముడిని లాగడానికి చేతుల్లో, పళ్లలో ఉన్న సత్తువంతా పెట్టాడు. అది కదల్లేదు. ఇక నా వల్ల కాదని చెప్పి, తల వాల్చేశాడు.

కుర్జ్ ప్రాణాన్ని చలి, అలసట, ముడి అన్నీ కలిసి తీశాయి. రైనర్ ప్రాణాన్ని మాత్రం తెగని తాడే తీసింది. నా కథలో అతన్ని మరిచిపోకండి. తాడు ఎంత గట్టిదైతే అంత క్షేమం అన్న నమ్మకానికి రైనర్ మరణమే జవాబు.

ఆ తర్వాత తాడు నిజంగానే గట్టిపడింది. ఆ ప్రమాదానికి ముందు ఏడే, 1935లో, అమెరికాలో డూపాంట్ కంపెనీ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ కనిపెట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పర్వత దళాలకు నైలాన్ తాళ్లు వచ్చాయి. 1953లో జర్మనీకి చెందిన ఎడెల్‌రిడ్ కంపెనీ లోపల పోగుల గుండె, పైన అల్లిన తొడుగు ఉండే కొత్తరకం తాడు తెచ్చింది. నారతాడు ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. నైలాన్ తాడు సాగుతుంది. సాగుతూ సాగుతూ పడిపోయే ఊపును మింగేస్తుంది.

దీనితో కొండలెక్కడం స్వభావమే మారింది. నారతాళ్ల కాలంలో ముందు ఎక్కేవాడు పడకూడదన్నది చట్టం లాంటి మాట. ఇప్పుడు పడినా బతకవచ్చు. బతకవచ్చు కాబట్టి ఇంకా కష్టమైన గోడలను పట్టుకున్నారు. తలమీదికి వంగిన బండల కింద మేకులకు వేలాడుతూ గంటలకు గంటలు గడపసాగారు. అంటే తాడు సమస్య తీరేసరికి ఒంటి సమస్య ఎదురొచ్చింది.

ఒక్కో దేశం ఒక్కో ఉపాయం వెతికింది. బ్రిటన్‌లో సన్నని జనపతాడును నడుముకు అనేక చుట్లు చుట్టి, దానికి కారబైనర్ తగిలించేవారు. చుట్లు ఎక్కువైతే బరువు పంచుకుంటుందని లెక్క. అమెరికాలోని యోసెమిటీ లోయలో వెడల్పాటి నైలాన్ పట్టీని నడుముకు చుట్టి ముడివేసేవారు. దానికి స్వామి బెల్ట్ అని పేరు. జర్మనీ, ఆస్ట్రియాల్లో తాడును నడుము నుంచి ఛాతీకి ఎక్కించి, చంకల కింద పట్టీ కట్టారు. పడినప్పుడు మనిషి తలకిందులు కాడు, అది మంచిదే. కానీ వేలాడితే చంకల దగ్గర నరాలు, రక్తనాళాలు నొక్కుకుపోయి చేతులు పనిచేయడం మానేస్తాయి. 1972లో ఇన్స్‌బ్రుక్‌లో పర్వత రక్షణ వైద్యులు సమావేశమై, తాడుకు వేలాడుతూనో, కిందికి దించిన కాసేపటికో చనిపోయినవాళ్ల సంగతులు చర్చించారు. కదలకుండా వేలాడే మనిషికి కాళ్లలోని రక్తం గుండెకు తిరిగిరావడం మందగిస్తుందన్న ఎరుక వైద్యుల్లో బలపడింది.

ఇక్కడ ఉయ్యాల పీట గుర్తుకు రావాలి. మనిషి కూర్చుంటే బరువు ఎక్కడ పడుతుంది? పిరుదుల మీద, తొడల మీద. మన ఒంట్లో పెద్ద ఎముకలూ పెద్ద కండలూ అక్కడే ఉన్నాయి. బరువు మోయడానికి పుట్టిన చోటు అది. ఈ సంగతి తాడు మీద దిగేవాళ్లకు ముందే కొంత తెలుసు. మ్యూనిక్‌లో చదువుకున్న హాన్స్ డ్యూల్ఫర్ అనే యువకుడి పేరుమీద ఒక పద్ధతి ఉంది. తాడును కాళ్ల మధ్యనుంచి తెచ్చి, తొడ కిందుగా తిప్పి, ఛాతీ మీదుగా ఎదుటి భుజం మీంచి వెనక్కి వేసి, ఒంటి రాపిడితోనే మెల్లగా దిగడం. డ్యూల్ఫర్ 1915లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. అతని పద్ధతి దశాబ్దాలు బతికింది. కానీ అది దిగడానికే. ఎక్కుతూ పడిపోయేవాడికి పీట ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి.

ఆ పీటను కుట్టినవాళ్లు ఉత్తర ఇంగ్లండ్ కుర్రవాళ్లు. టోనీ హోవర్డ్, అలన్ వాటర్‌హౌస్, పాల్ సెడ్డన్ అనే ముగ్గురు రిమ్మన్ క్లబ్ అనే కొండలెక్కే సంఘంలో స్నేహితులు. 1960ల్లో తమ అవసరం కోసం తామే నైలాన్ పట్టీలతో రకరకాలుగా ప్రయత్నించారు. 1965లో హోవర్డ్ జట్టు నార్వేలోని ట్రోల్ గోడ ఎక్కడానికి వెళ్లింది. సుమారు 1,100 మీటర్ల నిలువు బండ అది. అదే సమయంలో నార్వే జట్టు ఇంకో దారిలో ఎక్కుతోంది. ఒక్కరోజు తేడాతో నార్వే వాళ్లు ముందు పైకి చేరారు. ఆ గోడ కోసం తయారుచేసుకున్న నడుము పట్టీయే ఈ స్నేహితులు అమ్మకానికి పెట్టిన తొలి సరుకు. కంపెనీకి ఆ గోడ పేరే పెట్టారు, ట్రోల్ అని.

తర్వాతి అడుగు హిమాలయాలు వేయించాయి. 1970లో క్రిస్ బోనింగ్టన్ నాయకత్వంలో బ్రిటిష్ జట్టు నేపాల్‌లోని అన్నపూర్ణ దక్షిణపు గోడకు బయల్దేరింది. శిఖరం ఎత్తు 8,091 మీటర్లు. ఇలాంటి గోడ మీద ముందువాళ్లు తాళ్లు బిగించి వస్తే, వెనకవాళ్లు ఆ తాళ్లకు బిగింపులు తగిలించి, వాటి మీద బరువు వేసి పైకి జరుగుతూ పోతారు. రోజూ గంటల తరబడి తాడుకు వేలాడటమే పని. నడుముకు చుట్టిన తాడుతో అది సాధ్యం కాదు.

ఆ జట్టులో డాన్ విలన్స్ ఉన్నాడు. మాంచెస్టర్ పక్కన సాల్ఫర్డ్‌లో కూలీనాలీ బతుకుల మధ్య పుట్టినవాడు, నీటి గొట్టాలు బిగించే ప్లంబర్ పని నేర్చినవాడు. ఏ భాగం మీద ఎంత ఒత్తిడి పడుతుందో చేతులతో తెలిసిన మనిషి. ట్రోల్ వాళ్లతో కలిసి అతను రూపం ఇచ్చినది విలన్స్ సిట్ హార్నెస్. నడుముకు వెడల్పు పట్టీ, తొడలకు పట్టీలు, కాళ్ల మధ్యనుంచి ముందుకు వచ్చి నడుము దగ్గర కలిసే ఇంకో పట్టీ. దాన్ని చూస్తే నాకు మన పొలాల్లో పనిచేసేవాళ్ల గోచీకట్టు గుర్తొస్తుంది. కాళ్లకు అడ్డం రాదు, ఎంత వంగినా జారదు. మనిషి తాడుకు వేలాడితే అందులో కూర్చున్నట్టే ఉంటాడు, ఊపిరి తేలిగ్గా ఆడుతుంది. మే 27న విలన్స్, డూగల్ హాస్టన్ ఆ గోడ మీదుగా శిఖరం చేరారు. జట్టు దిగివచ్చే చివరి దశలో మంచుదిబ్బలు విరిగిపడి ఇయాన్ క్లఫ్ చనిపోయాడు. పట్టీలు జారిపడిన మనిషిని కాపాడగలవు, కూలే మంచునుంచి కాపాడలేవు.

ఆ ఏడే ఆ హార్నెస్ అంగళ్లలోకి వచ్చి దేశదేశాలకూ పాకింది. లోపాలూ బయటపడ్డాయి. పెద్ద ఊపున పడినప్పుడు కాళ్ల మధ్య పట్టీ మగవాళ్లను తీవ్రంగా బాధపెట్టేది. దాన్ని సరిదిద్దడానికి ఇంకో తొమ్మిదేళ్లు పట్టింది. 1979లో ట్రోల్ మార్క్ 5 అనే హార్నెస్ వచ్చింది. ఇందులో కాళ్ల మధ్య పట్టీ పోయింది. రెండు తొడలకు విడివిడి పట్టీలు, నడుము పట్టీ, ముందువైపు వాటిని కలిపే నిలువు లూప్, పక్కన పనిముట్లు వేలాడదీసుకునే చిన్న లూపులు. ఈనాడు ప్రపంచంలో ఎక్కడ ఏ హార్నెస్ చూసినా దాదాపు ఇదే రూపం. ఈ నిలువు లూప్‌ను బెలే లూప్ అంటారు. కింద నిలబడి తోటివాడి తాడు పట్టేవాళ్లు తమ పరికరాన్ని దానికే తగిలిస్తారు.

ఆ లూప్‌ను ఒకసారి చేతిలోకి తీసుకుని చూద్దాం. బొటనవేలంత వెడల్పు నైలాన్ పట్టీ. మడతలు కలిసే చోట అడ్డంగా, దగ్గరదగ్గరగా, లెక్కలేనన్ని కుట్లు. పట్టీ నల్లగా ఉంటే కుట్టుదారం ఎర్రగానో పచ్చగానో ఉంటుంది. అందం కోసం కాదు. ఒక్క పోగు తెగినా, అరిగినా కంటికి వెంటనే తెలియాలని. ఇప్పటి యూరప్ ప్రమాణాల ప్రకారం పెద్దవాళ్ల సిట్ హార్నెస్ పరీక్షలో 15 కిలోన్యూటన్ల లాగుడును తట్టుకోవాలి. అంటే ఒకటిన్నర టన్నుల బరువు వేలాడదీసినట్టు. ఇంత బలాన్నీ మోసేది దారం.

కానీ దారాన్ని చూసుకోవలసింది మనిషే. అమెరికాకు చెందిన టాడ్ స్కిన్నర్ ప్రపంచం మెచ్చిన అధిరోహకుడు. 2006 అక్టోబర్ 23న యోసెమిటీలో తాడు మీద దిగుతుండగా అతని బెలే లూప్ తెగిపోయింది. అది అరిగిందని అతనికి ముందే తెలుసు, కొత్త హార్నెస్ తెప్పించుకుంటున్నాడు కూడా. 1989లో లిన్ హిల్ అనే మరో గొప్ప అధిరోహకురాలు ఫ్రాన్స్‌లో తాడును హార్నెస్‌లోకి దూర్చి, ఇంతలో ధ్యాస మళ్లి, ముడి పూర్తిచేయడం మరిచింది. పైన తొడుక్కున్న జాకెట్ ఆ పొరపాటును కప్పేసింది. పైకి చేరి తాడు మీద వాలగానే ఇరవై మీటర్లకు పైగా పడిపోయింది. చెట్టుకొమ్మలు ఆపి ప్రాణం నిలిపాయి. అప్పటికి వాళ్లిద్దరూ వేల సార్లు కట్టుకున్న పట్టీలే అవి.

ఈ కథ మనకు దూరం కాదు. యాదాద్రి భువనగిరిలోని ఏకశిల కొండ మీద ఈనాడు పల్లెల పిల్లలు ఇదే హార్నెస్ కట్టుకుని బండలెక్కడం నేర్చుకుంటున్నారు. 2014 మే 25న పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ బండ మీదే.

ఇంకా వెనక్కి వెళితే, మన గీత కార్మికుల మోకు ఉంది. తాటిచెట్టు చుట్టూ, తన నడుము చుట్టూ మోకు తిప్పి, వెనక్కి వాలి, పాదాలతో చెట్టును పట్టి ఎక్కుతాడు గీత కార్మికుడు. ఆ మోకు మీద అతను వాలతాడే గాని వేలాడడు. బరువు సగం కాళ్లే మోస్తాయి. అది తరతరాల తెలివి. కానీ పాదం జారిందో, మోకు తెగిందో, అతన్ని పట్టేది ఇంకేదీ లేదు. అలా పడి ప్రాణాలు, నడుములు పోగొట్టుకున్న కుటుంబాలు మన ఊళ్లలో ఎన్నో. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు రక్షణ పరికరాలు పంచడం మొదలుపెట్టింది. మోకు మీద వాలే మనిషికి, పడినా పట్టే పట్టీ రావడం ఎంత ఆలస్యమైనా మంచి సంగతే.

మన నగరాల్లో ముప్పై నలభై అంతస్తుల మేడలకు రంగులు వేసేవాళ్లు, అద్దాలు తుడిచేవాళ్లు, కరెంటు టవర్లు ఎక్కేవాళ్లు ఈ మాటలు వింటుంటే వాళ్లకో విన్నపం. నడుముకు ఒట్టి తాడు కట్టుకుని పని మొదలుపెట్టకండి. మీకు కావలసింది భుజాలకూ తొడలకూ పట్టీలుండే పూర్తి ఒంటి హార్నెస్. దాన్ని అడగడం మీ హక్కు. మేస్త్రీలకు, కాంట్రాక్టర్లకు ఇంకో మాట. హార్నెస్ ఇచ్చాం కదా అని ఊరుకోవద్దు. జారిన మనిషి పట్టీలకు కదలకుండా వేలాడుతుంటే, పదిమందీ కింద చేరి చూస్తూ నిలబడే సమయం కాదది. అతన్ని వీలైనంత త్వరగా దించే ఏర్పాటు పని మొదలుకాకముందే ఉండాలి.

మాటర్‌హార్న్ మీద తెగిన తాడును మ్యూజియంలో దాచారు. రైనర్ ఊపిరి తీసిన తెగని తాడును దాచినవాళ్లు ఎవరూ లేరు. దాన్ని మనమే గుర్తుంచుకోవాలి. అందుకే ఎత్తుకు ఎక్కే ప్రతి మనిషీ తాడు గట్టిదేనా అని అడిగాక, ఇది నన్ను ఎక్కడ పట్టుకుంటుంది అని కూడా అడగాలి. అడిగి, నడుము పట్టీ బిగించి, తొడల పట్టీలు సరిచేసుకుని, ఆ రంగుదారపు కుట్ల మీద ఒకసారి బొటనవేలు నడపాలి. రోజూ, ఎక్కే ముందు.